ఫెట్ సిమ్యులేషన్లు: కెమిస్ట్రీ పునాదులు మళ్లీ చదువుకునేవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

హైస్కూల్ కెమిస్ట్రీలో వెనకబడ్డ విద్యార్థి నోటుపుస్తకం తిరగేస్తే తప్పులన్నీ తిరిగి తిరిగి ఐదారు చోట్లే కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ పోతే ధనావేశమా ఋణావేశమా అని తడబడటం, సమీకరణం తుల్యం చేయమంటే ఫార్ములాలోని కింది అంకెనే మార్చేయడం, గ్రాముల్ని నేరుగా నిష్పత్తిలో పెట్టేయడం, మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం మరచిపోవడం, పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి కొలత) 3కీ 4కీ తేడా కాస్తే అనుకోవడం. పై తరగతుల్లో ఎంత పెద్ద లెక్క తప్పినా కాస్త తవ్వితే వీటిలో ఏదో ఒకటి బయటపడుతుంది. ఈ చోట్లు సరిచేసుకోవడానికి ఉచితంగా దొరికే సాధనాల్లో ఫెట్ సిమ్యులేషన్లకు (తెర మీద బొమ్మల్ని కదిలిస్తూ చేసే ప్రయోగాలు, క్లుప్తంగా సిమ్‌లు) మేము మొదటి స్థానం ఇస్తాం. కాకపోతే వాటిని వాడే తీరు ముఖ్యం. మౌస్‌తో లాగుతూ, వదులుతూ గంటసేపు గడిపినా ఏమీ నేర్చుకోకుండా బయటపడొచ్చు. పైగా వీటిలో అసలు లేని అధ్యాయం ఒకటుంది, దాన్ని పెన్సిల్ పట్టుకునే దాటాలి.

ఫెట్‌ను 2002లో అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ మొదలుపెట్టారు. 2001లో భౌతికశాస్త్ర నోబెల్‌ను పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. మొదట ఫిజిక్స్ కోసమే వచ్చిన ప్రాజెక్టు, తర్వాత కెమిస్ట్రీకి, గణితానికి విస్తరించింది. సిమ్‌లు వాడటానికి డబ్బు కట్టనక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. ఒక్కో సిమ్‌ను ఒక్క ఫైల్‌గా దించుకుని నెట్ లేకుండా కూడా నడపొచ్చు. ఫోన్‌లో పనిచేస్తాయి కానీ చిన్న తెర మీద ప్రోటాన్ పట్టుకోబోతే న్యూట్రాన్ చేతికొస్తుంది. ట్యాబ్లెట్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఉంటే అదే వాడండి. పాత జావా సిమ్‌లు కొన్ని ఎదురుపడొచ్చు. వాటి జోలికి వెళ్లకుండా హెచ్‌టీఎంఎల్5 గుర్తు ఉన్నవే తెరవండి, ఇక్కడ చెప్పబోయేవన్నీ అవే.

వరస విషయానికొస్తే, సైట్‌లో కనిపించే క్రమాన్ని పట్టించుకోవద్దు. పునాదులకు సరిపోయే క్రమం ఇది: బిల్డ్ ఎన్ ఆటమ్, ఐసోటోప్స్ అండ్ అటామిక్ మాస్, బిల్డ్ ఎ మాలిక్యూల్, బ్యాలెన్సింగ్ కెమికల్ ఈక్వేషన్స్, రియాక్టెంట్స్ ప్రొడక్ట్స్ అండ్ లెఫ్టోవర్స్, మోలారిటీ, పీహెచ్ స్కేల్. ఏ సిమ్‌లోనైనా నియమం ఒక్కటే. మార్పు చేసేముందు ఫలితం ఎంత వస్తుందో కాగితం మీద రాయాలి. ఆ తర్వాతే తెర ముట్టుకోవాలి. సిమ్ జవాబు వెంటనే చూపించేస్తుంది కాబట్టి, ముందు రాయకపోతే 'నేనూ అదే అనుకున్నా' అని మనసు సర్దిచెప్పేసుకుంటుంది.

బిల్డ్ ఎన్ ఆటమ్‌లో మూడు బుట్టలుంటాయి: ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు. తెర తెరవగానే మూలకం పేరు, తటస్థమా అయానా (ఆవేశమున్నదా), స్థిరమా అస్థిరమా అని చూపించే టిక్కులుంటాయి. అవన్నీ తీసేయండి. నికర ఆవేశం, ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన మొత్తం) చూపే పలకల్ని మూసేయండి. ఇప్పుడు 3 ప్రోటాన్లు, 4 న్యూట్రాన్లు, 2 ఎలక్ట్రాన్లు పెట్టి, అది ఏ మూలకం, ఆవేశం ఎంత, ద్రవ్యరాశి సంఖ్య ఎంత అన్నది రాయండి. లిథియం, +1, 7. రాశాకే పలకలు తెరవండి. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటే తీస్తూ పోతే ఆవేశం పెరగడం కళ్లముందే కనిపిస్తుంది. 'తీసేస్తే తగ్గాలి కదా' అన్న భ్రమ పోయేది ఇక్కడే: తీసేస్తున్నది ఋణావేశం ఉన్న కణాన్ని, కాబట్టి మిగిలేది ధనం. ఎలక్ట్రాన్ తీసినా కలిపినా ద్రవ్యరాశి సంఖ్య కదలదు, మూలకం పేరూ మారదు. పేరు మారేది ప్రోటాన్ మారినప్పుడు మాత్రమే. ఈ వాక్యం పుస్తకంలో పదిసార్లు చదివినా నాటుకోనివాళ్లకు, ప్రోటాన్ ఒక్కటి జార్చగానే పేరు మారిపోవడం చూస్తే నాటుకుంటుంది.

న్యూట్రాన్ల పని చూడాలంటే బెరీలియం తీసుకోండి. స్థిరమా అస్థిరమా టిక్కు మళ్లీ పెట్టి, 4 ప్రోటాన్లు, 4 న్యూట్రాన్లు ఉంచితే కేంద్రకం వణుకుతుంది, అస్థిరం అని చూపిస్తుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు సమానంగా ఉంటే స్థిరం అని బట్టీపట్టినవాళ్లకు ఇది మంచి దెబ్బ. ఇంకో న్యూట్రాన్ కలిపితే బెరీలియం-9 నిలకడగా ఉంటుంది.

ఈ సిమ్‌తో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, నియాన్ దగ్గర ఆగిపోతుంది. అంటే సోడియం, మెగ్నీషియం, క్లోరిన్ లేవు, మూడో కక్ష్య లేదు. అయానిక బంధం పాఠానికి కావలసినవన్నీ ఆ గీతకు అవతలే ఉన్నాయి. కాబట్టి సోడియం 2, 8, 1 అనీ, క్లోరిన్ 2, 8, 7 అనీ కాగితం మీద గీసుకుని, ఎలక్ట్రాన్ అటు నుంచి ఇటు వెళ్లాక రెండూ 2, 8 గానూ 2, 8, 8 గానూ మిగలడం చేత్తో చూసుకోవాలి. రెండోది, బొమ్మ కొలతలు. నిజానికి పరమాణువు వ్యాసం కేంద్రకం వ్యాసానికి పదివేల రెట్ల నుంచి లక్ష రెట్ల దాకా ఉంటుంది. తెర మీద కేంద్రకం అంత పెద్దగా కనిపించడం సౌకర్యం కోసమే. సింబల్ తెర మాత్రం తప్పక వాడండి. ద్రవ్యరాశి సంఖ్య ఎడమ పైన, పరమాణు సంఖ్య ఎడమ కింద, ఆవేశం కుడి పైన వచ్చే రాత పద్ధతి అక్కడ చక్కగా అలవాటవుతుంది.

ఐసోటోప్స్ (ఒకే మూలకానికి చెందిన, న్యూట్రాన్ల సంఖ్య వేరైన పరమాణువులు) సిమ్ మీద ఎక్కువసేపు గడపనక్కర్లేదు. మిక్స్చర్స్ తెరలో బోరాన్ ఎంచుకుని, ప్రకృతిలో ఉండే మిశ్రమాన్ని చూపించమనండి. బోరాన్-10 సుమారు 20 శాతం, బోరాన్-11 సుమారు 80 శాతం, సగటు 10.81. సగటు అనగానే 10కి 11కి మధ్య 10.5 రాసేవాళ్లు ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది: ఏది ఎక్కువుంటే సగటు అటు లాగబడుతుంది. ద్రవ్యరాశి సంఖ్య ఎప్పుడూ పూర్ణాంకమే, ఎందుకంటే అది లెక్కపెట్టిన కణాల సంఖ్య. ఆవర్తన పట్టికలో దశాంశంతో కనిపించేది సగటు. ఈ రెండూ వేరని తేలాక ముందుకు వెళ్లిపోండి.

బిల్డ్ ఎ మాలిక్యూల్ చిన్న తరగతులకు ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, పునాదులు సరిచేసుకునేవాళ్లకు సగమే పనికొస్తుంది. పరమాణువుల్ని దగ్గరికి తెస్తే అతుక్కుంటాయి. సాధ్యంకాని కలయిక అయితే అతుక్కోవు. కానీ ఎందుకు అతుక్కోలేదో చెప్పదు. సంయోజకత (ఒక పరమాణువు ఏర్పరచగల బంధాల సంఖ్య) తెలిసినవాడికి అది అర్థమవుతుంది, తెలియనివాడు ఊరికే తిప్పితిప్పి చూస్తాడు. అందుకే మొదలెట్టేముందు నాలుగు అంకెలు కాగితం మీద ఉండాలి: హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 2, నైట్రోజన్ 3, కార్బన్ 4. ప్రతి అణువులోనూ ఒక్కో పరమాణువు చుట్టూ బంధాలు లెక్కపెట్టి ఈ అంకెతో సరిచూడాలి. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ పక్కన రెండే ఆక్సిజన్లు కనిపిస్తాయి. సంయోజకత 4 ఎలా తీరింది అని అడిగితే జంట బంధాల సంగతి అప్పుడు బయటికొస్తుంది.

ఇందులో జాగ్రత్తపడాల్సిన విషయం కోణాలు. పరమాణువుల్ని జోడించే తెర మీద అవి లంబకోణాల్లో అతుక్కుంటాయి. నీటి అణువు కోణం 104.5 డిగ్రీలు, మీథేన్‌లో 109.5 డిగ్రీలు. తెర మీద చూసిందే గుర్తుపెట్టుకుంటే అణువుల ఆకృతి పాఠంలో తిప్పలు తప్పవు. అణువు పూర్తయ్యాక త్రీడీ బొత్తాం నొక్కి నిజమైన ఆకారం చూసే అలవాటు మొదటిరోజే చేసుకోవాలి. ఇంకోటి, వంట ఉప్పు ఇక్కడ కట్టలేరు. సోడియం క్లోరైడ్‌కు విడి అణువు ఉండదు, అయాన్ల జాలకం (క్రమంగా పేర్చిన అల్లిక) ఉంటుంది. సిమ్ ఆ మాట ఎత్తదు కాబట్టి, అన్ని పదార్థాలూ అణువులే అనే తప్పు భావన నిశ్శబ్దంగా బలపడే ప్రమాదముంది. టీచర్లు ఈ సిమ్ చూపించిన రోజే ఆ మాట చెప్పేయాలి.

బ్యాలెన్సింగ్ కెమికల్ ఈక్వేషన్స్ దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. పరిచయ తెరలో మూడు చర్యలుంటాయి: అమ్మోనియా తయారీ, నీటిని విడగొట్టడం, మీథేన్ దహనం. గుణకాలన్నీ (ఫార్ములా ముందు పెట్టే అంకెలు) సున్నాతో మొదలవుతాయి. పక్కన త్రాసు గానీ పట్టీల చార్టు గానీ తెప్పించుకోవచ్చు. రెండింట్లో త్రాసు ఎంచుకోమంటాం. ఒక్కో మూలకానికి ఒక్కో త్రాసు ఉంటుంది కాబట్టి 'మొత్తం సరిపోయిందా' అని కాక 'ఏ మూలకం దగ్గర తేడా వచ్చింది' అని చూసే చూపు వస్తుంది. తుల్యం చేయడమంటే ఆ చూపే.

ఫార్ములాలోని కింది అంకెను ఈ సిమ్‌లో ఎవరూ మార్చలేరు. ముందున్న గుణకం మాత్రమే కదులుతుంది. ఇది సిమ్ చేసే అతిపెద్ద మేలు. కానీ సిమ్ ఆపింది కాబట్టి తప్పు జరగలేదు, తప్పు చేయాలన్న అలవాటు పోయిందని కాదు. కాగితం మీదకు రాగానే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి హెచ్₂ఓ అవుతుందన్న సమీకరణంలో, ఆక్సిజన్ సరిపోలేదని హెచ్₂ఓ₂ అని రాసేవాళ్లు మళ్లీ కనిపిస్తారు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ ఒక్క ఉదాహరణ గోడమీద రాసిపెట్టుకోవచ్చు: గుణకం మారిస్తే పరిమాణం మారుతుంది, కింది అంకె మారిస్తే పదార్థమే మారిపోతుంది.

బాణాలు నొక్కుతూ పోయి నవ్వుముఖం వచ్చేదాకా ఆగడం ఈ సిమ్‌లో అందరూ చేసే పని. దానివల్ల నేర్చుకునేది సున్నా. మీథేన్ దహనాన్ని ఇలా చేయండి. కాగితం మీద కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ అని మూడు వరసలు గీయండి. రెండు వైపులా ఒక్కొక్క అణువే ఉన్నట్టు లెక్కపెట్టండి: కార్బన్ 1, 1. హైడ్రోజన్ 4, 2. ఆక్సిజన్ 2, 3. ఒక్క సమ్మేళనంలోనే ఉన్న మూలకాన్ని ముందు సరిచేయాలి, అంటే కార్బన్, తర్వాత హైడ్రోజన్. నీటికి 2 పెడితే హైడ్రోజన్ కుదిరింది. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ 2 + 2 = 4. ఒంటరిగా మూలకంలా ఉన్న ఆక్సిజన్‌ను చివరికి ఉంచాం కాబట్టి దాని గుణకాన్ని 2 చేస్తే మిగతా ఏదీ చెడకుండా లెక్క తెగుతుంది. ఆక్సిజన్‌తోనే మొదలుపెట్టి చూడండి, కార్బన్ సరిచేసినప్పుడల్లా, నీరు సరిచేసినప్పుడల్లా అది మళ్లీ చెడిపోతుంది. ఈ క్రమం ఎందుకో ఒకసారి చేసి చూస్తే చాలు. సిమ్‌లో అంకెలు పెట్టడం ఆఖర్న, సరిచూసుకోవడానికే.

ఈథేన్ దహనం తర్వాతి మెట్టు. కార్బన్, హైడ్రోజన్ సరిచేశాక కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు 7 తేలతాయి, ఎడమవైపు 3.5 అణువులు కావాలి. చాలామంది ఇక్కడ మొదటికొచ్చి మళ్లీ మొదలుపెడతారు. అక్కర్లేదు. 3.5 అలాగే రాసి, మొత్తం సమీకరణాన్ని 2తో హెచ్చించండి: 2, 7, 4, 6. దీనికి తోడు, తుల్యమైనా ఇంకా చిన్న అంకెల్లోకి తగ్గే సమాధానాన్ని సిమ్‌లోని ఆట ఒప్పుకోదు. అమ్మోనియాకు 2, 6, 4 పెడితే తుల్యమే గానీ కనిష్ఠం కాదు. 1, 3, 2 కావాలి. ఈ పట్టుదల మాకు నచ్చింది.

లోటు ఎక్కడంటే, ఇందులో ఉన్నవన్నీ అణువుల చర్యలే. సల్ఫేట్, హైడ్రాక్సైడ్ లాంటి బహుపరమాణుక అయాన్లున్న సమీకరణాలు రావు. పరీక్షల్లో వచ్చేవి ఎక్కువ అవే. అల్యూమినియం సల్ఫేట్‌తో కాల్షియం హైడ్రాక్సైడ్ చర్యను తీసుకుని విడిగా సాధన చేయాలి. సల్ఫేట్‌ను సల్ఫర్‌గా, ఆక్సిజన్‌గా చీల్చకుండా ఒకే ముక్కగా లెక్కపెడితే 1, 3, 2, 3 నిమిషంలో వస్తాయి. చీల్చితే ఆక్సిజన్ నాలుగు చోట్లా తగులుతుంది, లెక్క చిక్కుపడుతుంది.

మొత్తం వరసలో అత్యుత్తమం రియాక్టెంట్స్ ప్రొడక్ట్స్ అండ్ లెఫ్టోవర్స్. పరిమిత కారకం (ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థం) అనే భావనను ఇంత తేటగా చూపించే సాధనం మరొకటి మా దృష్టిలో లేదు. రెండు రొట్టె ముక్కలు, ఒక చీజ్ ముక్క కలిస్తే ఒక శాండ్‌విచ్ అన్న తెరతో మొదలై, అదే అమరికతో నీరు, అమ్మోనియా, మీథేన్ దహనాల దాకా వెళ్తుంది. చర్యకు ముందు పెట్టె, చర్య తర్వాత పెట్టె. రెండో పెట్టెలో ఏర్పడినవే కాక మిగిలిపోయినవి కూడా కనిపిస్తాయి. ఏది ముందు అయిపోయిందో అడగనక్కర్లేదు, కళ్లకే తెలుస్తుంది.

అమ్మోనియా తెరలో నైట్రోజన్ 4, హైడ్రోజన్ 6 పెట్టేముందు, కుడి పెట్టెను కాగితంతో కప్పి, ఏది పరిమిత కారకమో రాయమనండి. అంకె తక్కువుంది కాబట్టి నైట్రోజన్ అని రాసేవాళ్లే ఎక్కువ. పోల్చాల్సింది ఉన్న పరిమాణాలను కాదు, ఒక్కోదాన్ని దాని గుణకంతో భాగించాక వచ్చేదాన్ని. నైట్రోజన్ 4 ÷ 1 = 4, హైడ్రోజన్ 6 ÷ 3 = 2. చిన్నది హైడ్రోజన్. కాబట్టి చర్య రెండుసార్లు జరుగుతుంది, 4 అమ్మోనియా అణువులు వస్తాయి, 2 నైట్రోజన్లు మిగులుతాయి. ఆట తెరలో కొన్ని ప్రశ్నలు వెనకనుంచి కూడా వస్తాయి: ఏర్పడినవీ మిగిలినవీ ఇచ్చి, ముందు ఏమున్నాయో చెప్పమంటాయి. ఆ ప్రశ్నలు వదలొద్దు, నిజంగా అర్థమైందో లేదో అవే తేలుస్తాయి.

ఇదే సిమ్‌లో టీచర్లు కూడా దాటిపోయే ఒక మెలిక ఉంది. నీటి తెరలో హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 4 పెట్టండి. 4 నీటి అణువులు వస్తాయి, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 2 మిగులుతాయి. రెండూ మిగిలాయి. మరి పరిమిత కారకం ఏది? సిమ్ విడి అణువుల్ని లెక్కపెడుతోంది, ఒంటరి హైడ్రోజన్ అణువుకు జోడీ దొరకలేదు. ఇదే ప్రశ్న 5 మోల్‌ల హైడ్రోజన్, 4 మోల్‌ల ఆక్సిజన్ అని వస్తే జవాబు వేరు (మోల్ అంటే ఒక పెద్ద స్థిర సంఖ్యలో కణాలు, ఆ అంకె కింద వస్తుంది). అప్పుడు సగం మోల్ కూడా లెక్కలోకి వస్తుంది: 5 మోల్‌ల హైడ్రోజన్‌కు 2.5 మోల్‌ల ఆక్సిజన్ సరిపోతుంది, 5 మోల్‌ల నీరు వస్తుంది, 1.5 మోల్‌ల ఆక్సిజన్ మాత్రమే మిగులుతుంది. హైడ్రోజన్ మిగలదు. సిమ్‌లో చూసిన పద్ధతిని గుడ్డిగా మోల్ లెక్కల్లోకి తెస్తే 4 మోల్‌ల నీరు అని రాస్తారు. అణువును సగానికి కోయలేం, మోల్‌ను కోయగలం. ఈ తేడా చెప్పకుండా సిమ్ దగ్గర ఆపేయకూడదు.

పైన చెప్పిన లేని అధ్యాయం సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఇది అణువుల్ని లెక్కపెడుతుంది, తర్వాతి మోలారిటీ సిమ్ నేరుగా మోల్‌లతో మొదలవుతుంది. మధ్యలో గ్రాముల నుంచి మోల్‌లకు వెళ్లే వంతెన ఈ వరసలో ఏ సిమ్‌లోనూ లేదు. హైస్కూల్ కెమిస్ట్రీలో ఎక్కువమంది జారిపడేదీ ఆ వంతెన మీదే. మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఈ అంకెను నిర్వచనంగానే స్థిరపరిచారు. ఒక మోల్ నీరు 18 గ్రాములు, ఒక మోల్ ఆక్సిజన్ వాయువు 32 గ్రాములు. ఆక్సిజన్‌కు 16 రాసేవాళ్లు పరమాణువును, అణువును కలిపేసినట్టు.

కాగితం మీద చేయాల్సిన కనీస లెక్క ఇది. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరయితే ఎంత వస్తుంది? గ్రాములు చూస్తే హైడ్రోజనే తక్కువ. మోల్‌లలోకి మార్చండి: హైడ్రోజన్ 4 ÷ 2 = 2 మోల్‌లు, ఆక్సిజన్ 16 ÷ 32 = 0.5 మోల్. గుణకాలతో భాగిస్తే హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 0.5. ఆక్సిజనే పరిమిత కారకం. నీరు 1 మోల్, అంటే 18 గ్రాములు. హైడ్రోజన్ 1 మోల్, 2 గ్రాములు మిగిలింది. సరిచూపు: మొదట 20 గ్రాములు, చివర 18 + 2 = 20. ఈ ఆఖరి కూడిక మానేయకూడదు. ద్రవ్యరాశి కుదరకపోతే ఎక్కడో మార్పిడి తప్పిందని వేరెవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఇలాంటివి ఐదారు చేశాకే మోలారిటీ తెరవండి.

మోలారిటీ (ఒక లీటర్ ద్రావణంలో కరిగిన మోల్‌ల సంఖ్య) సిమ్ చిన్నది. ఎడమవైపు ద్రావితం (కరిగించే పదార్థం) ఎన్ని మోల్‌లో చెప్పే జారుడుపట్టీ, దాని పక్కనే ద్రావణం ఘనపరిమాణం, కుడివైపు గాఢత. ద్రావితం 1 మోల్ దాకా, ఘనపరిమాణం 0.2 నుంచి 1 లీటర్ దాకా. అంకెలు కనిపించకుండా ఉంచి, రంగు చూసి ఊహించి, తర్వాత అంకెలు తెప్పించుకోండి. 0.5 మోల్‌ను 1 లీటర్ నుంచి 0.5 లీటర్‌కు కుదిస్తే గాఢత 0.5 నుంచి 1కి రెట్టింపవుతుంది, ద్రావితం మాత్రం అంతే ఉంటుంది. పొటాషియం పర్మాంగనేట్‌తో ఒకసారి తప్పకుండా ప్రయత్నించండి. ద్రావితం పెంచుతూ పోతే ఒక దశలో ద్రావణం సంతృప్తమై, అడుగున ఘనపదార్థం పేరుకుంటుంది, గాఢత అంకె ఆగిపోతుంది. మోల్‌లను లీటర్లతో భాగిస్తే చాలు అని యాంత్రికంగా చేసేవాళ్లకు ఇది గట్టి హెచ్చరిక: భాగించాల్సింది కరిగిన మోల్‌లను, వేసిన మోల్‌లను కాదు.

సిమ్ చూపించలేనిది ప్రయోగశాలలో కొలత. పట్టీ మీద రాసి ఉన్నది ద్రావణం ఘనపరిమాణం, నీటి ఘనపరిమాణం కాదు. 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలంటే 0.1 × 0.25 = 0.025 మోల్, దాన్ని 58.5తో హెచ్చిస్తే 1.46 గ్రాములు. ఉప్పును తూచి, బీకర్‌లో 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో పూర్తిగా కరిగించి, 250 మిల్లీలీటర్ల కొలజాడీలో పోయాలి. బీకర్‌ను కొద్ది నీటితో రెండు మూడుసార్లు కడిగి ఆ నీటినీ జాడీలోనే పోయాలి. లేకపోతే గోడలకు అంటిన ఉప్పు పోతుంది, గాఢత తగ్గుతుంది. చివరికి మెడ మీది గీత దాకా నీరు నింపి, మూత పెట్టి తలకిందులు చేసి కలపాలి. గీత దాటితే పైనుంచి కాస్త తీసేసి సరిపెట్టొద్దు, తీసిన దాంతో ఉప్పు కూడా పోతుంది. ఆ ద్రావణం పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే దారి. ఇక లెక్కలో 0.25 బదులు 250 వేస్తే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది. ఎన్ని గ్రాములు వచ్చిందో చూసి, అది ఆ జాడీలో పట్టేంతేనా అని ఒక్కక్షణం ఆలోచిస్తే ఈ తప్పు పట్టుబడుతుంది.

పీహెచ్ స్కేల్‌లో బ్యాటరీ ఆమ్లం, కాఫీ, పాలు, రక్తం, చేతి సబ్బు, డ్రెయిన్ క్లీనర్ లాంటి ద్రవాలుంటాయి. మాక్రో తెర పైపైకి చూడటానికే. అసలు సరుకు మైక్రో తెరలో ఉంది. అక్కడ హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతలు పక్కపక్కనే కనిపిస్తాయి. గ్రాఫును సంవర్గమాన (లాగరిథమ్) స్కేలు నుంచి సరళ స్కేలుకు మార్చే వీలుంది. ఆ బొత్తాం నొక్కండి. సంవర్గమాన స్కేలు మీద పక్కపక్కనే నిలబడ్డ పీహెచ్ 1, పీహెచ్ 3 ద్రవాలు సరళ స్కేలు మీద ఒకటి పైన, ఇంకొకటి దాదాపు నేల మీద కనిపిస్తాయి. ఒక్క అంకె మారితే పది రెట్లు, రెండు మారితే వంద రెట్లు అన్న మాటకు ఇంతకంటే మంచి రుజువు నల్లబల్ల మీద చూపించడం కష్టం.

నీరు కలిపి చూడటం తర్వాతి పని. పీహెచ్ 1 ఉన్న బ్యాటరీ ఆమ్లం అర లీటరుంటే ఇంకో అర లీటర్ నీరు కలపండి. సగం పలచబడింది కాబట్టి పీహెచ్ 2 అవుతుందని చాలామంది రాస్తారు. వచ్చేది 1.30, ఎందుకంటే 2 సంవర్గమానం 0.30. పీహెచ్ 2 కావాలంటే పది రెట్లు పలచబడాలి. ఎంత నీరు కలిపినా ఆమ్లం 7కు దగ్గరవుతుందే తప్ప దాటదు. నీరు కలిపి ఆమ్లాన్ని క్షారంగా మార్చలేం.

కానీ ఈ సిమ్ అన్ని ద్రవాల్నీ ఒకేలా, సాదాగా పలచబరుస్తుంది. బ్యాటరీ ఆమ్లం లాంటి బలమైన ఆమ్లానికి అది సరిపోతుంది. బలహీన ఆమ్లాన్ని సమానమైన నీటితో రెండింతలు పలచబరిస్తే పీహెచ్ 0.30 పెరగదు, సుమారు 0.15 పెరుగుతుంది, ఎందుకంటే పలచబడేకొద్దీ విడిపోని అణువుల్లో మరికొన్ని అయాన్లుగా విడిపోతాయి. రక్తం, పాలు బఫర్ గుణం (పీహెచ్ మార్పును అడ్డుకునే గుణం) ఉన్నవి, అవి ఇంకా మొండిగా నిలబడతాయి. పునాది దశలో సిమ్ అంకెలు చాలు. ఇదే నిజమైన రక్తానికీ వర్తిస్తుందని మాత్రం నమ్మొద్దు. పీహెచ్ 7 తటస్థం అన్న మాట కూడా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరదే.

ఏడు సిమ్‌లూ కలిపినా పేర్లు పెట్టే పద్ధతి, అయానిక సమ్మేళనాల ఫార్ములా రాయడం, ఆక్సీకరణ సంఖ్యలు, సార్థక అంకెలు మిగిలిపోతాయి. వాటికి పాఠ్యపుస్తకమే శరణ్యం. భిన్నాలు, నిష్పత్తులు చేయడం రానివాళ్లు కూడా వీటితో మొదలుపెట్టొద్దు, నాలుగు రోజులు గణితం సరిచేసుకుని రావాలి. లేకపోతే తెర మీద అంతా బాగా అర్థమైనట్టే ఉంటుంది, కాగితం ముందు మళ్లీ చేయి ఆగిపోతుంది.

మొత్తం అయ్యాక ఏ సిమ్ తెరవకుండా ఈ ఒక్క లెక్క చేసి చూడండి. 2.8 గ్రాముల నైట్రోజన్, 0.9 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా చర్య జరిపి అమ్మోనియా ఇచ్చాయనుకుందాం. వచ్చిన అమ్మోనియానంతా నీటిలో కరిగించి ద్రావణాన్ని 500 మిల్లీలీటర్లు చేశారు. అమ్మోనియా ఎన్ని గ్రాములు, ఏది ఎంత మిగిలింది, మోలారిటీ ఎంత, పీహెచ్ 7కు ఏ వైపు ఉంటుంది? నైట్రోజన్ 0.1 మోల్, హైడ్రోజన్ 0.45 మోల్. గుణకాలతో భాగిస్తే 0.1, 0.15. నైట్రోజన్ ముందు అయిపోతుంది. అమ్మోనియా 0.2 మోల్, 3.4 గ్రాములు. హైడ్రోజన్ 0.15 మోల్, 0.3 గ్రాములు మిగిలింది. సరిచూపు 2.8 + 0.9 = 3.4 + 0.3. మోలారిటీ 0.2 ÷ 0.5 = 0.4. పీహెచ్ 7 కంటే ఎక్కువ, అయితే అమ్మోనియా బలహీన క్షారం కాబట్టి 0.4నే హైడ్రాక్సైడ్ గాఢతగా తీసుకోకూడదు. నైట్రోజన్‌ను 14తో భాగించినవాళ్లు బిల్డ్ ఎ మాలిక్యూల్‌కు, పరిమిత కారకం దగ్గర ఆగినవాళ్లు లెఫ్టోవర్స్ ఆటకు, 500తో భాగించినవాళ్లు మోలారిటీకి తిరిగి వెళ్లాలి. గ్రాముల దగ్గరే చేయి ఆగితే సిమ్ తెరవకండి, మోల్ మార్పిడులు ఇంకో పది చేసి మళ్లీ ఈ లెక్క దగ్గరికి రండి.